‘గోజిరా’ (1954) చలనచిత్రం – ప్రేక్షకాభిప్రాయాలు: రసవిఘ్నాల దృష్టితో పరిశీలన

వ్యాససంగ్రహం

జపాన్‌లోని తోహో సంస్థ నిర్మించిన ‘గోజిరా’ చలనచిత్రం 1954 నవంబరు 3న విడుదలైంది. గడచిన డెబ్బై ఏళ్లలో ఈ చిత్రంపై పరస్పర విరుద్ధమైన అభిప్రాయాలు వెలువడ్డాయి. కొందరికి ఇది అణుయుగపు విషాదగాథ. మరికొందరికి రబ్బరు తొడుగు వేసుకున్న నటుడు బొమ్మ ఇళ్లను తొక్కుకుంటూ పోయే హాస్యాస్పద దృశ్యం. ఒకే చిత్రం ఇంతటి అభిప్రాయభేదానికి ఎందుకు తావిచ్చిందన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. అభినవగుప్తుడు ‘అభినవభారతి’లో వివరించిన రసవిఘ్నాలను పరికరాలుగా స్వీకరించి, ఈ భేదానికి మూలం కేవలం అభిరుచిలో లేదనీ, ప్రేక్షకునికి అందిన ప్రతిలోనూ, అతడు వెంట తెచ్చుకున్న సంస్కారంలోనూ ఉన్నదనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గోజిరా, గాడ్జిల్లా, ఇషిరో హోండా, రసవిఘ్నాలు, నాట్యధర్మి, భయానకం, కరుణం, ప్రేక్షక స్పందన.

1. ఉపోద్ఘాతం

ఒక రచన విలువ రచనలోనే స్థిరంగా ఉంటుందా, లేక గ్రహించేవారి మనసులో రూపుదిద్దుకుంటుందా అన్నది సాహిత్య విమర్శలో పాత ప్రశ్న. పాశ్చాత్య విమర్శలో పాఠక స్పందన సిద్ధాంతం ఈ ప్రశ్నను ఇరవయ్యవ శతాబ్దంలో ముందుకు తెచ్చింది. భారతీయ కావ్యశాస్త్రం సహృదయుణ్ణి రసానుభవానికి కేంద్రంగా నిలిపి అంతకు చాలా ముందే ఈ విషయాన్ని చర్చించింది. రసం కలగడానికి విభావానుభావ సంచారుల సంయోగం ఒక్కటే చాలదు. ప్రేక్షకుని మనసుకు అడ్డుపడే విఘ్నాలు కూడా తొలగిపోవాలి. అభినవగుప్తుడు అటువంటి విఘ్నాలను ఏడింటిని పేర్కొన్నాడు. అవి సంభావనావిరహం, స్వగత పరగత దేశకాల విశేషావేశం, నిజసుఖాది వివశీభావం, ప్రతీత్యుపాయ వైకల్యం, స్ఫుటత్వాభావం, అప్రధానత, సంశయయోగం.

ఈ విఘ్నాల చర్చ నాటకాన్ని ఉద్దేశించినది. అయినా, ఒక ప్రదర్శన కొందరిని కదిలించి మరికొందరిని ఎందుకు నవ్విస్తుందో వివరించే శక్తి దీనికి ఉన్నది. ‘గోజిరా’పై వచ్చిన అభిప్రాయాలు ఈ శక్తిని పరీక్షించడానికి తగిన సామగ్రి.

2. చిత్ర నేపథ్యం

‘గోజిరా’ను అది పుట్టిన సంవత్సరం నుండి విడదీసి చూడడం సాధ్యం కాదు. 1954 మార్చి 1న అమెరికా పసిఫిక్ మహాసముద్రంలోని బికినీ పగడపు దీవి వద్ద ‘కాజిల్ బ్రావో’ అనే పేరుతో ఉదజని బాంబు పరీక్ష జరిపింది. ఆ పేలుడు శక్తి సుమారు 15 మెగాటన్నులు. అంటే హిరోషిమాపై వేసిన బాంబుకు దాదాపు వెయ్యి రెట్లు. ప్రకటిత ప్రమాద పరిధికి వెలుపల చేపలు పడుతున్న ‘దైగో ఫుకుర్యు మారు’ అనే జపాన్ పడవపై రేడియోధార్మిక ధూళి కురిసింది. అందులోని 23 మందీ అస్వస్థులయ్యారు. వారిలో రేడియో ఆపరేటరుగా పనిచేసిన అయికిచి కుబోయామా సెప్టెంబరు 23న మరణించాడు. అప్పటికి చిత్రం విడుదలకు మిగిలిన వ్యవధి ఆరు వారాలు మాత్రమే. రేడియోధార్మికత సోకిన ట్యూనా చేపల భయం ఆ ఏడాది జపాన్ వంటిళ్ల దాకా వచ్చింది. టోక్యోలోని సుగినామి ప్రాంత గృహిణులు చొరవ చూపిన అణుబాంబు వ్యతిరేక సంతకాల ఉద్యమం మరుసటి ఏటికి మూడు కోట్లకు పైగా సంతకాలు సేకరించింది.

నిర్మాత తొమొయుకి తనాకా, దర్శకుడు ఇషిరో హోండా, ప్రత్యేక దృశ్యాల రూపకర్త ఎయిజీ త్సుబురాయా, సంగీత దర్శకుడు అకిరా ఇఫుకుబే ఈ చిత్రానికి మూలస్తంభాలు. హోండా చైనాలో సైనికునిగా పనిచేసి, యుద్ధానంతరం స్వదేశానికి తిరిగివస్తూ హిరోషిమా శిథిలాలను చూసినవాడు. ఇఫుకుబే అంతకు ముందే అణుబాంబు ఇతివృత్తంతో వచ్చిన రెండు చిత్రాలకు, అంటే కనెతో షిందో తీసిన ‘హిరోషిమా పిల్లలు’ (1952)కు, హిదెయో సెకిగావా తీసిన ‘హిరోషిమా’ (1953)కు సంగీతం సమకూర్చాడు. కాబట్టి ఈ బృందానికి బాంబు కేవలం కథావస్తువు కాదు.

కథ సరళమైనది. అణుపరీక్షల వలన సముద్రగర్భం నుండి బయటపడిన ఒక ప్రాచీన జీవి మొదట ఓడలను, ఆపై ఓడో అనే దీవిని, చివరకు టోక్యో నగరాన్ని ధ్వంసం చేస్తుంది. పురాజీవ శాస్త్రవేత్త యమానే దానిని చంపవద్దనీ, అధ్యయనం చేయాలనీ కోరతాడు. యుద్ధంలో ఒక కన్ను కోల్పోయిన సెరిజావా అనే యువ శాస్త్రవేత్త వద్ద నీటిలోని ప్రాణవాయువును హరించే భయంకర సాధనం ఉంటుంది. అది పాలకుల చేతికి చిక్కితే మరొక మారణాయుధం అవుతుందన్నది అతని భయం. చివరకు తన పరిశోధన పత్రాలను తగలబెట్టి, సముద్రగర్భంలో ఆ సాధనాన్ని ప్రయోగించి, తానూ అక్కడే ప్రాణత్యాగం చేస్తాడు.

3. తొలి ప్రేక్షకులు: సామీప్యమే విఘ్నమైన సందర్భం

విడుదలైనప్పుడు జపాన్‌లో ఈ చిత్రాన్ని సుమారు 96 లక్షల మంది చూశారు. ఆనాటి జపాన్ జనాభా తొమ్మిది కోట్ల లోపే. అయితే ఈ ప్రజాదరణకు విమర్శకుల స్పందన సరితూగలేదు. ఇటీవలి విషాదాన్ని వినోద వ్యాపారానికి వాడుకున్నారని కొందరు ఆక్షేపించారు. చిత్రీకరణ కౌశలాన్ని మెచ్చుకున్నవారిలోనూ కొందరికి మానవపాత్రల కథ పలుచగా తోచింది.

మొదటి ఆక్షేపణను తేలికగా తీసివేయరాదు. 1945 మార్చి 10 నాటి వైమానిక దాడిలో టోక్యోలో సుమారు లక్ష మంది మరణించారు. చిత్రం వచ్చేనాటికి గడచినవి తొమ్మిదేళ్లే. తెరపై గింజా వీధులు రాత్రిపూట తగలబడుతుంటే, మంటల మధ్య పిల్లలను హత్తుకుని కూర్చున్న ఒక తల్లి, త్వరలోనే మీ నాన్న దగ్గరికి వెళ్తామని వారితో అంటుంది. యుద్ధంలో భర్తను పోగొట్టుకున్న స్త్రీ అని ప్రేక్షకునికి వేరే చెప్పనవసరం లేదు. రైలులో ప్రయాణించే మరొక యువతి, నాగసాకి నుండి ఎలాగో ప్రాణాలతో బయటపడ్డాను, ఇప్పుడు ఇదా అన్న అర్థంలో మాట్లాడుతుంది. ఆసుపత్రిలో ఒక పసిబిడ్డ దగ్గర రేడియోధార్మికతను కొలిచే పరికరం పెట్టగానే అది శబ్దం చేస్తుంది. పరీక్షించిన వ్యక్తి ఏమీ అనకుండా తల ఊపుతాడు.

ఇటువంటి దృశ్యాలు చూసినవారికి అది పాత్రల దుఃఖంగా కాక తమ సొంత దుఃఖంగానే తోచే ప్రమాదం ఉంది. అభినవగుప్తుడు రెండవ విఘ్నంగా చెప్పిన ‘స్వగత’త్వం ఇదే. తన దేశం, తన కాలం, తన నష్టం అన్న భావన బలంగా ఉన్నచోట సాధారణీకరణం జరగదు. శోకం శోకంగానే మిగిలిపోతుంది గాని కరుణరసంగా పరిణమించదు. మూడవ విఘ్నమైన నిజసుఖాది వివశీభావం కూడా దీనికి తోడవుతుంది. సొంత బాధకు వశమైన మనసు మరొక అనుభవంలో విశ్రమించలేదు. విషాదాన్ని అమ్ముకున్నారన్న ఆక్షేపణను ఈ రెండు విఘ్నాల వెలుగులో చదివితే, దానిని చిత్రంపై తీర్పుగా కంటే, మానని గాయం పలికిన మాటగా గ్రహించవచ్చు.

ఇక్కడ చిత్రం ఈ విఘ్నాలను తొలగించడానికి చేసిన ప్రయత్నాన్నీ గుర్తించాలి. మూడవ విఘ్నానికి వాద్యగానాదులు విరుగుడని అభినవగుప్తుడు చెప్పాడు. విధ్వంసం తరువాత వచ్చే బాలికల సామూహిక గానం ఇక్కడ ఆ పని చేస్తుంది. సెరిజావా మనసు మార్చేది వాదన కాదు, ఆ పాటే. అదే పాట ప్రేక్షకుని వ్యక్తిగత శోకాన్ని కూడా అందరి శోకంలో కలుపుతుంది.

4. అమెరికన్ ప్రతి: ప్రతీత్యుపాయ వైకల్యం

ఈ చిత్రం అమెరికాలో 1956లో ‘గాడ్జిల్లా, కింగ్ ఆఫ్ ది మాన్‌స్టర్స్’ అనే పేరుతో విడుదలైంది. అయితే అక్కడి ప్రేక్షకులు చూసినది హోండా చిత్రం కాదు. 96 నిమిషాల మూలం నుండి అరగంటకు పైగా తొలగించి, టెర్రీ మోర్స్ దర్శకత్వంలో రేమండ్ బర్ నటించిన కొత్త దృశ్యాలను చేర్చి, 80 నిమిషాల చిత్రాన్ని రూపొందించారు. బర్ పోషించిన స్టీవ్ మార్టిన్ అనే అమెరికన్ విలేఖరి కథ చెప్పేవాడయ్యాడు. జపనీయుల విపత్తును ఒక విదేశీయుని కంటితో చూడవలసి వచ్చింది.

తొలగించిన భాగాలను గమనించాలి. అణుపరీక్షల ప్రస్తావన పూర్తిగా పోలేదు. ఆ జీవి ఉదజని బాంబు వలన మేల్కొన్నదన్న మాట అమెరికన్ ప్రతిలోనూ ఉన్నది. పోయినవి సాక్ష్యాలు. నాగసాకి గురించి మాట్లాడే యువతి లేదు. ఈ జీవి అణుపరీక్షల ఫలితమన్న నిజాన్ని ప్రజలకు చెప్పాలా, అంతర్జాతీయ సంబంధాల దృష్ట్యా దాచాలా అని పార్లమెంటులో జరిగే రభస లేదు. అన్నింటికీ మించి ముగింపు మారింది. మూలంలో యమానే, గోజిరా ఇదే చివరిది కాకపోవచ్చుననీ, పరీక్షలు కొనసాగితే ప్రపంచంలో ఎక్కడో మరొకటి తలెత్తవచ్చుననీ హెచ్చరిస్తాడు. అమెరికన్ ప్రతిలో ఈ హెచ్చరిక స్థానంలో, ఆపద తొలగి ప్రపంచం మళ్లీ ఊపిరి పీల్చుకున్నదన్న ఊరట వినిపిస్తుంది.

‘న్యూయార్క్ టైమ్స్’ విమర్శకుడు బోస్లీ క్రౌథర్ 1956లో ఈ ప్రతిని చూసి, అది ఘోరమైన చిత్రమనీ, అందులోని నగరం చవకబారు బొమ్మల కొలువనీ పరిహసించాడు. ఆయన తీర్పును తప్పుపట్టడం సులభం. కాని ఆయనకు అందిన ప్రతిలో కరుణరసానికి ఆలంబనమైన అంశాలు చాలావరకు లేవు. ఒక భావాన్ని గ్రహించడానికి కావలసిన సాధనాలే లోపించడాన్ని అభినవగుప్తుడు ప్రతీత్యుపాయ వైకల్యం అన్నాడు. నాగసాకి యువతిని తొలగించిన తరువాత మిగిలేది మృగం, పరుగు, మంట. వీటితో భయానకం పుట్టవచ్చు, అద్భుతం పుట్టవచ్చు. శోకం పుట్టదు.

ప్రపంచంలోని అనేక దేశాలకు దశాబ్దాల పాటు చేరినది ఈ అమెరికన్ రూపమే. మూల చిత్రం ఆంగ్ల ఉపశీర్షికలతో అమెరికన్ థియేటర్లలో విస్తృతంగా ప్రదర్శితమైనది 2004లో, చిత్రానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంలో. అంటే రెండు తరాల ప్రేక్షకులు ఒక సంక్షిప్త, పరివర్తిత ప్రతిని చూసి మూలంపై అభిప్రాయం ఏర్పరచుకున్నారు. అనువాద అధ్యయనాలు చేసేవారికి ఇది తీవ్రమైన హెచ్చరిక. సంక్షిప్తీకరణలో తగ్గేది నిడివి మాత్రమే కాదు. అంగిరసమే మారిపోవచ్చు.

5. సంభావనావిరహం: ‘తొడుగు కనిపిస్తోంది’ అన్న ఆక్షేపణ

మూల చిత్రాన్ని చూసినవారిలోనూ ఏకాభిప్రాయం లేదు. రోజర్ ఈబర్ట్ 2004లో మూల ప్రతినే సమీక్షిస్తూ, చరిత్రలో దానికి స్థానముందని ఒప్పుకుంటూనే, చిత్రంగా అది బాగులేదని తేల్చాడు. ఆయన ముఖ్య ఆక్షేపణలలో ఒకటి ప్రత్యేక దృశ్యాల కృత్రిమత్వం. 1933 నాటి ‘కింగ్ కాంగ్’తో పోల్చినా ఇది వెనుకబడి ఉన్నదన్నది ఆయన భావం. నేటి యువ ప్రేక్షకులు తరచుగా చెప్పే మాట కూడా ఇదే.

ఇది అభినవగుప్తుడు మొదటగా చెప్పిన సంభావనావిరహం. చూపుతున్న విషయం జరగదగినదని మనసు ఒప్పుకోకపోతే అందులో లీనం కాలేదు. లోకోత్తరమైన పనులను చూపవలసి వచ్చినప్పుడు రాముని వంటి ప్రఖ్యాత నాయకులను గ్రహించాలని, చిరకాల ప్రసిద్ధి వలన వారి విషయంలో నమ్మకం కుదురుతుందని ఆయన పరిష్కారం సూచించాడు. ‘గోజిరా’ రచయితలు ఈ నమ్మకాన్ని రెండు మార్గాల్లో సాధించారు. ఓడో దీవి వృద్ధుని నోట ప్రాచీన గాథను పలికించి జీవికి కల్పిత ప్రసిద్ధిని సమకూర్చారు. ఓడ సిబ్బంది వెలుగుకు బలైపోయే తొలి దృశ్యంతో, ఆ ఏడాది వార్తాపత్రికలు నింపిన నిజమైన ప్రసిద్ధిని వాడుకున్నారు. 1954లో జపనీయ ప్రేక్షకునికి ఆ తొలి దృశ్యం కల్పన కాదు. 2004లో షికాగో విమర్శకునికి ఆ ప్రసిద్ధి లేదు. తొడుగు ఇద్దరికీ ఒకటే. మారినది నమ్మకానికి ఆధారమైన పూర్వజ్ఞానం.

6. తొడుగు – నాట్యధర్మి

ఇంతకూ ఆ తొడుగు లోపమేనా? త్సుబురాయా మొదట ‘కింగ్ కాంగ్’ పద్ధతిలో, బొమ్మను కొద్దికొద్దిగా కదుపుతూ చిత్రించాలని కోరుకున్నాడు. కాలం, వ్యయం అనుమతించలేదు. అందువలన హరువో నకజిమా మొదలైన నటులు దాదాపు నూరు కిలోల బరువున్న తొడుగు ధరించి, చిన్న ప్రమాణంలో నిర్మించిన నగరంలో నడిచారు. ఎక్కువ వేగంతో చిత్రించి మామూలు వేగంతో ప్రదర్శించడం వలన ఆ నడకకు భారం వచ్చింది. గర్జన కోసం ఇఫుకుబే, రెసిన్ పూసిన తోలు చేతితొడుగుతో కాంట్రాబాస్ తీగలను రాపాడించాడు.

నాట్యశాస్త్రం లోకధర్మి, నాట్యధర్మి అని రెండు పద్ధతులను వేరుచేసింది. ఉన్నది ఉన్నట్లు చూపేది మొదటిది. సంకేతాలతో చూపేది రెండవది. జపాన్ ప్రేక్షకులకు బున్‌రకు బొమ్మలాటలో బొమ్మను ఆడించే మనుషులు రంగస్థలంపై కనిపిస్తూనే ఉంటారు. తెలుగునాట తోలుబొమ్మలాట చూసేవారికి పుల్లల కదలిక తెలియకుండా ఉండదు. అయినా సీతాపహరణ ఘట్టంలో కళ్లు చెమ్మగిల్లకుండా ఉండవు. కృత్రిమత్వం కనిపించడం, రసం కలగకపోవడం ఒకటి కావు.

ఇంకొక అడుగు ముందుకు వేయవచ్చు. స్వగత పరగత విఘ్నాన్ని తొలగించేవి పూర్వరంగం, ప్రస్తావన, నటుని నిజస్వరూపాన్ని కప్పిపుచ్చే వేషధారణ అని అభినవగుప్తుడు వివరించాడు. వేషం వలన ఇది ఇప్పుడు, ఇక్కడ, ఫలానా వ్యక్తికి జరుగుతున్నదన్న భావన సడలుతుంది. ఈ మాటను ‘గోజిరా’కు అన్వయిస్తే తొడుగు పాత్ర తలక్రిందులవుతుంది. టోక్యోపై బాంబులు కురిపించిన విమానాలనే తెరపై చూపి ఉంటే, ఆనాటి ప్రేక్షకునికి అది కేవలం తన స్మృతి. ఆ విమానాల స్థానంలో, ఏ దేశానికీ చెందని ఒక ప్రాచీన జీవిని నిలపడం వలన, మాటల్లో చెప్పుకోలేని దుఃఖాన్ని కొంచెం దూరం నుండి చూడడం సాధ్యమైంది. అమెరికన్ విమర్శకుడు ఏ తొడుగును చూసి నవ్వాడో, జపాన్ ప్రేక్షకునికి ఆ తొడుగే రసానుభవానికి దారి తెరిచింది.

పరిశోధకులలోనూ ఈ జీవి దేనికి సంకేతమన్న విషయంలో భేదాలున్నాయి. సబురో కవమోతో దానిలో సముద్రంలో మరణించి తిరిగివచ్చిన జపాన్ సైనికుల ఆత్మలను చూశాడు. అది టోక్యో అంతటినీ తొక్కి, చక్రవర్తి ప్రాసాదాన్ని మాత్రం తాకకుండా మళ్లిపోవడం ఈ వ్యాఖ్యకు బలమిచ్చే అంశం. సూసన్ సొంటాగ్ 1965లో వెలువరించిన వ్యాసంలో, ఇటువంటి చిత్రాలు అణుభయాన్ని ప్రతిబింబిస్తూనే, విధ్వంసాన్ని చూసే ఆనందంతో ఆ భయాన్ని మొద్దుబారుస్తాయని విమర్శించింది. జపాన్‌ను బాధిత దేశంగా మాత్రమే చూపి, ఆసియాలో జపాన్ సైన్యం కలిగించిన బాధలపై చిత్రం మౌనం వహించిందన్న ఆక్షేపణ కూడా ఉన్నది. ఈ చివరి ఆక్షేపణ రసవిఘ్నాల చర్చకు లొంగనిది. ఒక శోకం సార్వజనీనమైనంత మాత్రాన, చూపకుండా వదలిన శోకాలకు సమాధానం చెప్పినట్లు కాదు.

7. మారిన గాడ్జిల్లా: అంగిరసం తారుమారు

ప్రేక్షకాభిప్రాయాన్ని ప్రభావితం చేసిన మరొక అంశం తరువాతి చిత్రాలు. 1962లో వచ్చిన ‘కింగ్ కాంగ్ – గాడ్జిల్లా’ పోరాట చిత్రం హాస్యం వైపు మొగ్గింది. 1964 నాటికి గాడ్జిల్లా మూడు తలల ‘గిదోరా’తో పోరాడి భూమిని రక్షించే మిత్రుడయ్యాడు. 1969 నాటికి పిల్లల కలల్లో స్నేహితుడయ్యాడు. ఈ చిత్రాలతో పెరిగినవారు 1954 చిత్రాన్ని తరువాత చూసినప్పుడు, ఆశించిన సరదా దొరకక నిరాశపడినవారు కొందరు, ఇంతటి విషాదాన్ని ఊహించలేదని చలించినవారు కొందరు.

మానవపాత్రల కథ పలుచగా ఉన్నదన్న తొలి విమర్శనూ ఇక్కడే పరిశీలించాలి. ఎమికో, ఒగాతా, సెరిజావాల ముక్కోణపు ప్రేమకథను అంగిగా భావించి చూస్తే చిత్రం తప్పక వెలితిగా తోస్తుంది. ప్రధానం కానిదానిలో మనసు విశ్రమించలేదన్నదే అప్రధానత అనే విఘ్నం. సెరిజావా ధర్మసంకటాన్ని, గోజిరా మరణాన్ని కేంద్రంగా తీసుకుంటే ఆ వెలితి తగ్గుతుంది. ముగింపులో ఇఫుకుబే సంగీతం విజయగీతం కాదు. శత్రువు చచ్చినందుకు సంబరం లేదు. సెరిజావాతో పాటు ఆ జీవి పట్ల కూడా జాలి కలుగుతుంది. మానవుల పరీక్షలకు తన చోటు కోల్పోయిన జీవి కూడా బాధితురాలేనన్న ఎరుక, భయానకాన్ని కరుణంలోకి నడిపిస్తుంది.

2011 నాటి ఫుకుషిమా అణుప్రమాదం తరువాత 2016లో వచ్చిన ‘షిన్ గోజిరా’, యుద్ధానంతర జపాన్‌ను చూపిన 2023 నాటి ‘గోజిరా -1.0’ ఈ కరుణ స్వరాన్ని తిరిగి అందుకున్నాయి. రెండవ చిత్రానికి 2024లో దృశ్య ప్రభావాల విభాగంలో ఆస్కార్ పురస్కారం లభించింది. వీటి వలన 1954 చిత్రాన్ని విషాదంగా చూడడానికి తగిన సంస్కారం కొత్త ప్రేక్షకులలో మళ్లీ ఏర్పడుతున్నది.

8. ముగింపు

పై పరిశీలన వలన తేలిన అంశాలు:

1. ‘గోజిరా’పై అభిప్రాయభేదం బాగున్నది, బాగులేదు అన్న అభిరుచుల తగవు కాదు. ఒకరు కరుణాన్ని, ఒకరు భయానకాన్ని, ఒకరు హాస్యాన్ని అంగిరసంగా గ్రహించడం వలన ఏర్పడినది.

2. తొలి జపాన్ ప్రేక్షకులలో కొందరికి అతిసామీప్యం, విదేశీ ప్రేక్షకులలో అనేకులకు పూర్వజ్ఞాన లోపం విఘ్నాలయ్యాయి. రసానుభవానికి మరీ దగ్గర, మరీ దూరం రెండూ అడ్డంకులే.

3. అమెరికన్ ప్రతిపై తీర్పును మూల చిత్రంపై తీర్పుగా దీర్ఘకాలం చలామణి చేయడం జరిగింది. ప్రేక్షకాభిప్రాయాలను చర్చించేటప్పుడు, వారు చూసినది ఏ ప్రతి అన్నది మొదట నిర్ధారించుకోవాలి.

4. లోపంగా పరిగణించిన తొడుగు, నాట్యధర్మిగా గ్రహించినప్పుడు, చిత్రానికి అత్యంత అవసరమైన దూరాన్ని కల్పించిన సాధనంగా కనిపిస్తుంది.

5. అభినవగుప్తుని రసవిఘ్న చర్చ ప్రాచీన నాటకాలకే పరిమితం కాదు. అనువాదాలు, సంక్షిప్త ప్రతులు, చలనచిత్రాలు పొందే స్పందనను వివరించడానికీ అది ఉపకరిస్తుంది.

నాగసాకి నుండి బయటపడిన ఆ యువతి తెరపై కనిపించేది కొన్ని క్షణాలే. ఆ క్షణాలను కత్తిరించినవారికి అవి కథకు అనవసరమని తోచి ఉండవచ్చు. కాని అవి ఉన్న ప్రతిలో కాలిపోతున్నది టోక్యో నగరం. అవి లేని ప్రతిలో కాలిపోతున్నవి బొమ్మ ఇళ్లు.